వంటసోడా ఆకుకి మందు... వేరుకి కాదు!

మూడేళ్ళ కిందటి మాట. కార్తీకమాసం వచ్చేసరికి మా డాబా మీద బీరపాదు పందిరంతా అల్లుకుపోయి, రోజు విడిచి రోజు రెండేసి కాయలు ఇస్తోంది. ఒకరోజు సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి, అలవాటుగా పాదు దగ్గరికి వెళ్ళానుగదా... కింది ఆకుల మీద ఎవరో ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు! పిల్లలు ఆడుకుంటూ ఏదో పోశారేమో అనుకుని చీరచెంగుతో తుడిచేశాను. రెండు రోజులు తిరక్కుండానే మళ్ళీ అదే తెలుపు. వారానికి సగం పాదు తెల్లబడింది. ఆకులు పసుపురంగుకి తిరిగి ఎండటం మొదలైంది. పిందెలు గిడసబారిపోయాయి.

పక్కింటి వదిన వచ్చి చూసి, "ఇది బూడిద తెగులు. వంటింట్లోనే మందు పెట్టుకుని దిగులెందుకు? బజ్జీల్లో వేసే సోడా కాస్త నీళ్ళల్లో కలిపి కొట్టు" అంది. కొట్టాను. కొత్తగా వచ్చిన ఆకులు పచ్చగా నిలబడ్డాయి. ఆ సంవత్సరం మాఘమాసం దాకా బీరకాయలు తిన్నాం.

ఇంతవరకూ అయితే ఇది గొప్పగా చెప్పుకునే కథే. కానీ అదే సోడాతో, అదే చలికాలంలో, మా అమ్మ ఇంటినుంచి తెచ్చుకున్న మల్లెచెట్టుని నా చేతులారా చంపుకున్నంత పని చేశాను. ఆ సంగతి కూడా చెబుతాను. వంటసోడా వల్ల లాభమెంతో, ఎక్కడ ఆగాలో రెండూ తెలిస్తేనే ఈ చిట్కా మీకు పనికొస్తుంది.

ఏ సోడా?

ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. మనం బజ్జీలకీ, పునుగులకీ వేసేదీ, శనగలు త్వరగా ఉడకాలని చిటికెడు వేసేదీ తినేసోడా. దీన్నే వంటసోడా, బేకింగ్ సోడా అంటారు. శాస్త్రం ప్రకారం దీని పేరు సోడియం బైకార్బొనేట్. మొక్కలకి వాడాల్సింది ఇదొక్కటే.

బట్టల సోడా వేరు. అది చాలా ఘాటు, ఆకుల్ని మాడ్చేస్తుంది. కాస్టిక్ సోడా సంగతి చెప్పనే అక్కర్లేదు, అది చేతుల్నే కాలుస్తుంది. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ కూడా పనికిరాదు. అందులో సోడాతో పాటు పులుపు పొడీ, పిండీ కలిపి ఉంటాయి. నీళ్ళు తగలగానే బుసబుసా పొంగి, దాని బలం అక్కడితో అయిపోతుంది. కాబట్టి డబ్బా మీద పేరు చదివి మరీ తీసుకోండి.

ఆ తెలుపు ఏ తెలుపు?

ఆకు మీద తెల్లగా కనిపించిందల్లా బూడిద తెగులు కాదు. ముందు వేలితో రాసి చూడండి.

పొడిపొడిగా, పిండిలా వేలికి అంటితే అది బూడిద తెగులు. ఇది ఒక రకం బూజు. బీర, సొర, దోస, గుమ్మడి, బెండ, గులాబీలకి ఎక్కువగా వస్తుంది. మన వైపు రాత్రిళ్ళు చల్లగా, పగళ్ళు పొడిగా ఉండే చలికాలంలో దీని జోరెక్కువ. మిగతా బూజుల్లాగా దీనికి ఆకు తడిసి ఉండాల్సిన పని లేదు, గాలిలో తేమ ఉంటే చాలు. అందుకే వానలు వెనకపట్టాక, ఇక తెగుళ్ళ బెడద లేదని మనం నిశ్చింతగా ఉన్నప్పుడు ఇది వచ్చి పడుతుంది.

దూదిపింజల్లా ఉండి, నలిపితే జిగటగా తగిలితే అది పిండినల్లి. అంటే పురుగు. మందారానికి తరచు పట్టేది ఇదే. దీనికి సోడా పని చెయ్యదు. సబ్బునీళ్ళో, వేపనూనో వాడాలి.

ఆకు పైన పసుపు పచ్చని గళ్ళు పడి, తిప్పి చూస్తే కింద బూడిదరంగు బూజు కనిపిస్తే అది ఇంకో రకం బూజు తెగులు. దానికి సోడా మీద ఆధారపడకండి. ఆ ఆకులు తుంచి పారేసి, సాయంత్రాలు ఆకుల మీద నీళ్ళు పొయ్యటం మానెయ్యాలి.

సోడా చేసే పనేమిటి?

బూడిద తెగులు బూజు ఆకు లోపలికి పెద్దగా వెళ్ళదు. పైపైన పాకి, ఆకు పైపొర నుంచి సారం పీల్చుకుంటుంది. దాని పొడే విత్తనంలా గాలికి ఎగిరి, పక్క ఆకు మీద పడి మొలుస్తుంది. సోడానీళ్ళకి కాస్త క్షారగుణం ఉంటుంది. ఆ నీళ్ళు పట్టి ఉన్న ఆకు మీద బూజు విత్తనం సరిగా మొలవలేదు, ఉన్న బూజు కూడా ముడుచుకుపోతుంది.

ఇది పక్కింటి వదినా, నేనూ కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో హోర్స్ట్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు గులాబీల మీద దీన్ని పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. సోడా ఒక్కటే వేసినప్పటికంటే, దానికి కొద్దిగా నూనె జతచేసినప్పుడు బూడిద తెగులూ, నల్లమచ్చ తెగులూ బాగా అదుపులోకి వచ్చాయని తేల్చారు. నూనె ఉంటే సోడా ఆకుని అంటిపెట్టుకుని ఉంటుంది మరి!

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. సోడా తెగుల్ని ఆపుతుంది, అంతే. అప్పటికే తెల్లబడి ఎండిన ఆకుని మళ్ళీ పచ్చగా చెయ్యలేదు. కాబట్టి పాదంతా పట్టేదాకా చూడకుండా, మొదటి నాలుగైదు మచ్చలు కనిపించగానే మొదలుపెట్టాలి.

కావలసినవి

నీళ్ళు – 1 లీటరు
వంటసోడా – 1 టీస్పూను (తలకొట్టి, సుమారు 5 గ్రాములు)
వంటనూనె లేదా వేపనూనె – 1 టీస్పూను
కుంకుడుకాయ రసం – 2 టీస్పూన్లు

చేసే విధానం

నాలుగు కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసేసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పిసకండి. వడకట్టిన రసంలో రెండు టీస్పూన్లు తీసుకుని, అందులో నూనె వేసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టండి. నూనె నేరుగా నీళ్ళలో వేస్తే పైకి తేలిపోయి, ఒకచోట నీళ్ళు, ఒకచోట నూనె పడి ఆకు మాడుతుంది. కుంకుడు రసం ఆ రెంటినీ కలిపి ఉంచుతుంది. కుంకుళ్ళు లేకపోతే గిన్నెలు తోముకునే లిక్విడ్ సోపు రెండు మూడు చుక్కలు చాలు. ఇప్పుడు లీటరు నీళ్ళలో సోడా పూర్తిగా కరిగించి, ఈ నూనె మిశ్రమం కలిపి, పిచికారి సీసాలో పోసుకోండి. ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లుకునే సీసా అయినా సరిపోతుంది.

ఎంత కావాలో అంతే కలుపుకోండి. మిగిలింది దాచి వారం తర్వాత వాడదామనుకోవద్దు.

కొట్టేటప్పుడు

ముందురోజు మొక్కకి నీళ్ళు బాగా పొయ్యండి. దాహంతో ఉన్న మొక్క మీద ఏ మందు పడ్డా ఆకు మాడుతుంది.

బాగా తెల్లబడ్డ ఆకుల్ని ముందే తుంచి, సంచిలో వేసి చెత్తలో పడెయ్యండి. ఎరువు గుంటలో వెయ్యకండి.

ఒకటి రెండు ఆకుల మీదే కొట్టి రెండు రోజులు చూడండి. అంచులు మాడకపోతేనే మిగతా మొక్కకి కొట్టండి. లేత తీగ అయితే లీటరుకి అర టీస్పూను సోడాతోనే మొదలుపెట్టండి.

ఎండలో వద్దు. పొద్దున్నే గానీ, ఎండ దిగాక గానీ కొట్టాలి. ఆకుకి పైనా కిందా రెండు వైపులా సన్నటి మంచులా తగలాలి, ధారలు కట్టి కారకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. తొట్టెలో మట్టిని ఏ పాత పాలిథిన్ కవరుతోనో కప్పి, ఆ తర్వాతే కొట్టండి. సోడానీళ్ళు మట్టిలోకి దిగకూడదు. ఎందుకో కింద చెబుతాను.

వారానికి ఒక్కసారి చొప్పున మూడు వారాలు కొడితే చాలు. వాన పడితే అంతా కడుక్కుపోతుంది కాబట్టి వాన వెలిశాక మరోసారి కొట్టాల్సి రావచ్చు. మూడుసార్లకీ ఆగకపోతే నాలుగోసారి మోతాదు పెంచకండి. ఆ పాదు తీసేసి కొత్త గింజ పెట్టుకోవటమే మేలు.

మొలకలకీ, ఫెర్న్ లాంటి సున్నితమైన మొక్కలకీ, ఆకుకూరలకీ దీన్ని వాడొద్దు.

నా మల్లెతొట్టె సంగతి

బీరపాదు బాగుపడగానే నాకు హుషారెక్కువైంది. వారంవారం సీసాలో మిగిలిన సోడానీళ్ళు పారబొయ్యటమెందుకని పక్కనే ఉన్న మల్లెతొట్టెలో ఒంపేసేదాన్ని. పైగా, మొదట్లో చెంచాడు సోడా చల్లితే పూలు విరగబూస్తాయని ఎవరో అంటే అదీ చేశాను. ఆ మల్లె మా అమ్మ పెరట్లోది. ఆ ఇల్లు అమ్మేసే ముందు రోజు మూడు కొమ్మలు విరుచుకొచ్చి పాతుకున్నాను. అవి మూడూ బతికి, ఒకే తొట్టెలో గుబురుగా పెరిగాయి.

సంక్రాంతికి మల్లె చిగుళ్ళు పాలిపోయి కనిపించాయి. ఈనెలు పచ్చగా ఉన్నాయి, వాటి మధ్య ఆకు మాత్రం పసుపుగా అయింది. చలికాలం మల్లె మందగించటం మామూలేగా అని సరిపెట్టుకున్నాను. శివరాత్రికి ఆకుల అంచులు మాడి రాలటం మొదలైంది. పోసిన నీళ్ళు మట్టిలో ఇంకకుండా గంటసేపు పైనే నిలబడేవి.

ఆ రోజుల్లోనే మా పెదనాన్నగారు ఊరినుంచి వచ్చారు. ఆయన వ్యవసాయం చేసిన మనిషి. తొట్టెలో వేలు గుచ్చి చూసి, "ఏం పోశావమ్మా దీంట్లో? తొట్టెని కారుచౌడు చేసిపెట్టావు" అన్నారు. సంగతి చెబితే, "పొలం చౌడు బారితే బాగుచెయ్యటానికి ఏళ్ళు పడుతుంది. నువ్వు రెండు నెలల్లో చౌడు తయారు చేశావు" అని నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. మా అత్తయ్యగారు మాత్రం, "కూరలో ఉప్పెక్కువైతే పారబోసి మళ్ళీ వండుకుంటాం. చెట్టునేం చేస్తావే?" అన్నారు.

అప్పుడు ఆయన చెప్పింది ఇదీ. సోడాలో ఉండేది సోడియం. కారుచౌడు నేలల్లోనూ మట్టిని పాడు చేసేది ఆ సోడియమే. పూర్వం చాకళ్ళు బట్టలు ఉడకేసుకోవటానికి చౌడుమట్టి తెచ్చుకునేవాళ్ళంటే, అందులో ఉన్న సోడా గుణం వల్లే. సోడియం ఎక్కువైతే మట్టి గుల్లగా ఉండకుండా మెత్తగా విడిపోయి, తడిస్తే బురదలా మూసుకుపోతుంది. ఎండితే రాయిలా గట్టిపడుతుంది. నీళ్ళు దిగవు, వేరుకి గాలి ఆడదు. అదిగాక, క్షారం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా మొక్క దాన్ని తీసుకోలేదు. ఈనెలు పచ్చగా, ఆకు పసుపుగా అయ్యేది అందుకే. పొలంలో అయితే వానకి కొంత కొట్టుకుపోతుంది. తొట్టెలో పోసింది పోసినట్టే ఉండిపోతుంది.

పెదనాన్నగారు దగ్గరుండి చేయించారు. ముందు తొట్టె అడుగున మట్టితో పూడుకుపోయిన రంధ్రాలు పొడిపించారు. మంచినీళ్ళు నిదానంగా, అడుగునుంచి ధారగా కారిపోయేదాకా ఒకటికి నాలుగుసార్లు పోయించారు. రెండు రోజులు ఆరాక మొక్కని తీసి, వేళ్ళు దెబ్బతినకుండా పాతమట్టి దులిపి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన కొత్తమట్టిలో నాటించారు. కారుచౌడు పొలానికి జిప్సం వేస్తారు. జిప్సంలో ఉన్న సున్నపు గుణం మట్టిని పట్టుకున్న సోడియాన్ని వదిలిస్తుంది, ఆ తర్వాత నీళ్ళు పెడితే అది కొట్టుకుపోతుంది. పెద్ద చెట్టయి మట్టి మార్చటం కుదరకపోతే అదొక దారి అన్నారు.

మూడు కొమ్మల్లో రెండు ఎండిపోయాయి. మూడోది ఉగాది దాటాక కణుపు దగ్గర గోరంత చిగురేసింది. ఆ వేసవికి ఒక్క మొగ్గ కూడా రాలేదు.

వినేవన్నీ నమ్మకండి

సోడా గురించి ఒకరి నోట ఒకరు చెప్పుకునే మాటలు చాలా ఉన్నాయి. నేను చేసి చూసినవీ, పెద్దల్ని అడిగి తెలుసుకున్నవీ చెబుతాను.

టమాటా మొదట్లో సోడా చల్లితే కాయలు తియ్యగా అవుతాయంటారు. తియ్యదనం విత్తనం రకాన్ని బట్టీ, ఎండని బట్టీ, కాయ చెట్టు మీదే పండటాన్ని బట్టీ వస్తుంది. సోడా వల్ల వచ్చేది నా మల్లెకి వచ్చిన చౌడే.

సోడాలో వెనిగరో, నిమ్మరసమో కలిపి కొడితే రెట్టింపు బలం అంటారు. పొంగటం చూసి మనమూ నమ్ముతాం. ఆ పొంగుతో పులుపూ, సోడా రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మిగిలేది ఉప్పునీళ్ళే. అదే కారణంగా పుల్లమజ్జిగలో కూడా సోడా కలపకూడదు.

చీమలకి పంచదారలో సోడా కలిపి పెట్టమంటారు. మా ఇంట్లో చీమలు పంచదార తిని, సోడా వదిలేసి పోయాయి!

ఇక గచ్చు పగుళ్ళలో మొలిచే గడ్డికి సోడా చల్లితే ఎండిపోయే మాట నిజమే. అంటే మొక్కని చంపే గుణం దానికి ఉందనేగా! తొట్టెలకీ, పాదులకీ దూరంగా ఉన్న చోటైతేనే ఆ పని చెయ్యండి.

మీ మట్టి ఎలాంటిదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చెంచాడు పొడిమట్టి గిన్నెలో వేసి, వెనిగర్ గానీ నిమ్మరసం గానీ పిండండి. బుసబుసమని నురగ వస్తే ఆ మట్టిలో సున్నం ఉన్నట్టు, క్షారగుణం ముందే ఉన్నట్టు. గిన్నెల్లో తెల్లటి పొర కట్టే బోరునీళ్ళే మొక్కలకి పోసేవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇలాంటి ఇళ్ళలో సోడానీళ్ళు చుక్క కూడా మట్టిలో పడనీయకండి.

సోడా అక్కర్లేకుండా...

నిజానికి ఇప్పుడు నేను సోడా డబ్బా తీసేది తప్పనిసరి అయితేనే. పాదు మొదట్లో ముదురాకులు తీసేసి గాలీ, ఎండా తగిలేలా చేస్తే సగం తెగులు రానే రాదు. మొక్కల్ని ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి పెట్టొద్దు. యూరియా ఎక్కువ వేస్తే ఆకు లేతగా, నీరు పట్టి పెరిగి, బూజుకి విందు భోజనం అవుతుంది.

పాలు కూడా మంచి మందే. బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ గుమ్మడి జాతి మొక్కల మీద ఆవుపాలతో చేసిన పరీక్షల ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి వారానికోసారి కొట్టినా బూడిద తెగులు అదుపులోకి వచ్చింది. పాలగిన్నె కడిగిన నీళ్ళు పల్చనైపోతాయి, వాటితో పని జరగదు. మన రైతులు పుల్లమజ్జిగ కొట్టటం కూడా ఎప్పటినుంచో ఉన్నదే. వీటిలో సోడియం బెడద లేదు.

ఇంకో మాట. తెల్లబడ్డ గుమ్మడి జాతి ఆకుల మీద చిన్న చిన్న పసుపురంగు అక్షింతల పురుగులు తిరుగుతుంటే చంపకండి. వాటిలో ఒక రకం ఆ బూజునే తిని బతుకుతుంది. వంగ ఆకుల్ని జల్లెడ చేసేవి వేరు. వాటి ఒంటి మీద నల్లచుక్కలు, సన్నటి నూగు ఉంటాయి.

కాయ వంటింట్లోకి వచ్చాక

సోడా కొట్టిన కాయని మంచినీళ్ళతో కడిగి నిశ్చింతగా వండుకోవచ్చు, అది మనం తినేదే గనక. బజారులో కొన్న పళ్ళకీ ఇది పనికొస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో ఆపిల్ పళ్ళ మీద చేసిన పరీక్షలో, ఒక శాతం సోడానీళ్ళలో, అంటే లీటరుకి సుమారు రెండు టీస్పూన్ల సోడాతో, 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే తొక్క మీద ఉన్న రెండు రకాల పురుగుమందులు పోయాయి. తొక్క లోపలికి ఇంకినది మాత్రం పోలేదు. ఆ తర్వాత మంచినీళ్ళతో శుభ్రంగా కడగటం మర్చిపోకండి. ఆ కడిగిన నీళ్ళు మొక్కలకి పొయ్యకండి, తూములో పారబొయ్యండి. నా పొరపాటు మొదలైంది అలాంటి పొదుపుతోనే!

మల్లె ఏమైందో చెప్పలేదు కదూ. మరుసటి వేసవికి ఆ ఒక్క కొమ్మే మూడు పాయలై, పదకొండు మొగ్గలు వేసింది. దేవుడికి రెండు పెట్టి, మిగతావి అత్తయ్యగారూ నేనూ పంచుకున్నాం. ఈ ఏడు దానికే అంటు తొక్కి ఇంకో తొట్టెలో పెంచుతున్నాను, ఒకటి పోయినా ఒకటి ఉంటుందని.

డాబా మీద మందుల బల్ల దగ్గరుండే సోడా డబ్బాకి మా అమ్మాయి ఒక చీటీ రాసి అంటించింది. "లీటరుకి ఒక చెంచా. ఆకుకి మాత్రమే" అని. మీరూ ఒకటి అంటించుకోండి.